కృత్రిమరత్నం, కల్పిత విజయం: లేని ఫుట్‌బాల్ జట్టు లేవనెత్తే నైతిక ప్రశ్న

తెలుగు కావ్యచర్చలో కల్పిత కథ స్థానం గురించి మాట వచ్చినప్పుడల్లా వసుచరిత్ర అవతారికలోని రత్నాల పోలిక ప్రస్తావనకు వస్తుంది. కేవల కల్పనా కథలను కృత్రిమరత్నాలుగా, ప్రసిద్ధమైన పూర్వకథలను గనిలో పుట్టిన రత్నాలుగా, పూర్వకథకు కవి కల్పన తోడైనప్పుడు దాన్ని సానపట్టిన జాతిరత్నంగా రామరాజభూషణుడు లెక్కగట్టాడు. ఆద్యంతం కల్పితమైన కథతో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం ఈ తరతమ నిర్ణయానికి ఎదురు నిలిచే ఉదాహరణగా విమర్శకులు చూపుతూ వచ్చారు. అయితే ఈ వాదంలో ఉభయ పక్షాలూ ఒక విషయాన్ని పరిశీలించకుండానే అంగీకరించాయి. కల్పించినంత మాత్రాన వస్తువు స్వభావం మారదని, మారేది దాని విలువ మాత్రమేనని ఆ అంగీకారం.

శృంగారం, విరహం, శోకం వంటి విషయాల్లో ఇది నిజమే. కల్పిత నాయిక విరహం కూడా విరహమే. దాన్ని గుర్తించడానికి ఆమె పుట్టి పెరిగిన ఊరు పటంలో ఉండనక్కర లేదు. కాని కల్పించగానే స్వభావమే మారిపోయే విషయాలు కొన్ని ఉన్నాయి. ఆటలో గెలుపు వాటిలో ఒకటి. గెలుపును ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు. ఇచ్చారని తెలిసిన మరుక్షణం అది గెలుపు కాకుండా పోతుంది. లేని దేశంలో లేని నగరం, ఆ నగరంలో లేని ఫుట్‌బాల్ క్లబ్బు, దానికి చొక్కా రంగులు, మైదానం, తరాల వైరమున్న పొరుగు జట్టు, ఏడాదివారీగా రాసిపెట్టిన ఫలితాలు, అలమరలో కప్పులు: ఇవన్నీ ఒక వ్యక్తి బల్ల ముందు కూర్చుని రాసుకున్నవైతే ఆ కప్పులు గెలిచింది ఎవరు? వాటిని చూసి పాఠకుడికి కలిగే ఆనందం దేనికి సంబంధించినది? ఆ లోకాన్ని సృష్టించినవాడికి దానిపట్ల బాధ్యత ఏమైనా ఉందా? ఈ మూడింటిలో చివరి ప్రశ్నే ఇక్కడ ప్రధానం. మొదటి రెండూ దానికి దారి.

ఇలాంటి సృష్టి పిల్లల కాలక్షేపమని తోసిపుచ్చడానికి వీలు లేదు. 1826లో ఇంటికి వచ్చిన కొయ్య సైనికుల పెట్టె నుంచి బ్రాంటీ తోబుట్టువులు ముందు గ్లాస్ టౌన్‌ను, తర్వాత ఆంగ్రియా, గోండాల్ అనే దేశాలను కల్పించుకున్నారు. ముగ్గురు అక్కచెల్లెళ్ళ నవలాశక్తికి తొలి సాధన అక్కడే జరిగింది. అమెరికన్ నవలాకారుడు జాక్ కెరువాక్ బాల్యం నుంచీ కల్పిత బేస్‌బాల్ జట్లను నడిపి, వాటి ఆటల గురించి సొంతంగా వార్తాపత్రికలు రాసుకున్నాడు. దక్షిణ భారతంలో ఆర్.కె. నారాయణ్ మాల్గుడి అనే ఊరిని కల్పించిన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' (1935)లోనే ఒక క్రికెట్ జట్టునూ కల్పించాడు. ఊరు కట్టిన చేత్తోనే జట్టును కూర్చడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఒక స్థలానికి 'మనం' అనేవాళ్ళు ఉన్నారని చూపడానికి జట్టుకన్నా దగ్గరి దారి లేదు.

గెలుపు స్వభావం

ఆట అంటే అనవసరమైన అడ్డంకులను స్వచ్ఛందంగా దాటడానికి చేసే ప్రయత్నమని కెనడా తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 'ది గ్రాస్‌హాపర్' (1978) గ్రంథంలో నిర్వచించాడు. బంతిని వలలోకి చేర్చడమే పనైతే చేత్తో పట్టుకుని వెళ్ళి వేయవచ్చు. కాలితోనే తన్నాలని, పదకొండుగురు అడ్డుపడుతుండగా తన్నాలని ఒప్పుకోవడంలోనే ఆట ఉంది. ఈ నిర్వచనం ప్రకారం చూస్తే కల్పిత జట్టు ఏనాడూ ఆడలేదు. అక్కడ అడ్డంకి లేదు, ప్రయత్నం లేదు. రచయిత 'గెలిచింది' అని రాశాడు, అంతే.

ఇంగ్లండ్‌లో 1954లో 'టైగర్' అనే పిల్లల వారపత్రికలో మొదలై, 1976 నుంచి సొంత పేరుతో వారపత్రికగా వెలువడిన 'రాయ్ ఆఫ్ ది రోవర్స్' బొమ్మల కథ ఈ ఇబ్బందిని దశాబ్దాలపాటు మోసింది. మెల్చెస్టర్ అనే లేని నగరం, మెల్చెస్టర్ రోవర్స్ అనే లేని జట్టు, రాయ్ రేస్ అనే నాయకుడు. ఆఖరి నిమిషంలో రాయ్ ఎడమకాలి దెబ్బతో గోలు పడడం ఆ కథకు ముద్రగా మారింది. ఆంగ్ల ఫుట్‌బాల్ వ్యాఖ్యాతలు నిజమైన ఆటలో నమ్మశక్యం కాని గెలుపు చూసినప్పుడు దాన్ని ఆ బొమ్మల కథ పేరుతోనే వర్ణించడం అలవాటైంది. ఈ నుడికారంలోని తిరకాసు ఆలోచించదగ్గది. అద్భుతమైన గెలుపు అతి చౌకగా దొరికే చోటును ఉపమానంగా తెచ్చి, అది అరుదుగా దొరికే చోటును పొగడుతున్నారు. బొమ్మల కథలో ఆ గోలు పడకపోతేనే ఆశ్చర్యం. మైదానంలో పడితే ఆశ్చర్యం. రామరాజభూషణుడి పోలికకు ఇంతకన్నా బలమైన సమర్థన కావ్యలోకంలో దొరకదు. మెరుపు ఒకటే అయినా, ఒకదాన్ని భూమి ఇచ్చింది, రెండోదాన్ని కొలిమి ఇచ్చింది.

అలాగని పాఠకుడి ఆనందం అబద్ధమా? అన్నా కెరనీనా లేదని తెలిసీ ఆమె గతికి ఎందుకు చలించాలని కాలిన్ రాడ్‌ఫర్డ్ 1975లో ప్రశ్నించి, అందులో ఒక అసంగతి ఉందనే నిర్ణయానికి వచ్చాడు. ఆ భావాలు కల్పనాక్రీడలో భాగమని కెండల్ వాల్టన్ 1978లో వాదించాడు. భారతీయ ఆలంకారికులకు ఈ ప్రశ్న కొత్తది కాదు; నటుడు రాముడు కాడని తెలిసిన ప్రేక్షకుడికి రసానుభవం ఎలా కలుగుతుందన్న చర్చ నుంచే సాధారణీకరణ సిద్ధాంతం పుట్టింది. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు మెరుగుపెట్టిన ఆ సిద్ధాంతం ప్రకారం శాకుంతలంలో పరుగెత్తే లేడి భయం ప్రేక్షకుడిది కాదు, మరొకరిదీ కాదు; దేశకాలాల హద్దు లేని భయం.

కాని క్లబ్బు అభిమానం ఈ సిద్ధాంతానికి సులభంగా ఒదగదు. అభిమానికి కావలసింది దేశకాలాతీతమైన విజయం కాదు. తన ఊరి జట్టుకు, ఈ శనివారం, ఆ పొరుగువాళ్ళ మీద విజయం కావాలి. అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను పేర్కొంటూ, తన సుఖదుఃఖాలకే వశమైపోవడాన్ని వాటిలో ఒకటిగా చెప్పాడు. ఆ దృష్టితో చూస్తే మైదానంలోని అభిమాని రసవిఘ్నంలో మునిగి ఉన్నవాడు. కల్పిత జట్టు పాఠకుడికి ఈ విఘ్నం నుంచి బయటపడే అవకాశం ఉంది. ఆ జట్టుకు అతడు కట్టిన టికెట్టు డబ్బు లేదు, ఓడిపోతే మర్నాడు కచేరీలో వినవలసిన ఎగతాళి లేదు. అతడు రెండు జట్లనూ సమదృష్టితో చూడగలడు. విచిత్రమేమంటే ఇలాంటి రచనల్లో ఎక్కువ భాగం ఆ అవకాశాన్ని చేజేతులా వదులుకుని, పాఠకుణ్ణి సహృదయుడిగా కాక అభిమానిగా మార్చడానికే శ్రమపడతాయి. మెల్చెస్టర్ ప్రత్యర్థుల పేర్లు ఎందరు పాఠకులకు గుర్తుంటాయన్నది సందేహమే.

పాచికలో చేయి

సృష్టికర్త బాధ్యత విషయానికి వస్తే, దాన్ని అత్యంత నిశితంగా పరీక్షించిన రచన ఫుట్‌బాల్‌ది కాదు, బేస్‌బాల్‌ది. రాబర్ట్ కూవర్ 1968లో ప్రచురించిన 'ది యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్' నవలలో జె. హెన్రీ వా అనే గుమాస్తా రాత్రులు వంటగది బల్ల మీద ఎనిమిది జట్ల లీగు నడుపుతుంటాడు. ఆటగాళ్ళ పేర్లు, వయసు, స్వభావం, పుట్టుక, మరణం అన్నీ అతడు కల్పించినవే. ఫలితాలు మాత్రం అతడివి కావు. మూడు పాచికలు, వాటి అంకెలకు అర్థం చెప్పే పట్టికలు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. తన ఇష్టానికి లోబడని ఒక చోటును తన సృష్టిలో అతడు కావాలనే మిగిల్చుకున్నాడు. లీగులో ఎదురయ్యే ప్రతి ఆశా, ప్రతి భయమూ ఆ చోటు నుంచే వస్తాయి.

డామన్ రూథర్‌ఫర్డ్ అనే కుర్ర ఆటగాడు అపూర్వమైన ఆట ఆడతాడు. హెన్రీ అతణ్ణి కొడుకులా ప్రేమిస్తాడు. మూడు పాచికల మీదా ఒకట్లు పడిన ఒక క్షణాన జాక్ కేసీ విసిరిన బంతి తగిలి డామన్ మరణిస్తాడు. హెన్రీ ఆ పాచికను మళ్ళీ వేయవచ్చు. ఎవరూ చూడడం లేదు. చూసేవాడు ఉన్నా అందులో తప్పేమిటని అడుగుతాడు. అతడు మళ్ళీ వేయడు. కాని శోకం అతణ్ణి వదలదు. చివరికి ఒక రాత్రి, కేసీ ఆడుతుండగా, పాచికను తన చేత్తో తిప్పి ఆరు పైకి పెట్టి కేసీని చంపుతాడు.

ఇక్కడ అన్యాయం ఎవరికి జరిగింది? కేసీ లేడు, లేనివాడికి అపకారం జరగదు. నియమం హెన్రీ పెట్టుకున్నదే, పెట్టుకున్నవాడు తీసేయవచ్చు. లౌకిక ధర్మశాస్త్రం ఏదీ ఈ చర్యను నేరంగా నమోదు చేయలేదు. అయినా నవల చదివినవారిలో ఆ క్షణం ఒక అపరాధంగానే నాటుకుంటుంది. కారణం వెతికితే డామన్ వద్దకే వెళ్ళాలి. పాచిక కదిలిన రాత్రి వరకూ డామన్ మరణం ఎవరూ రాయని మరణం. అందుకే అది శోకించదగ్గ మరణం. ఒకసారి చేయి అడ్డం వచ్చాక, డామన్ నాడు కూడా చేయి పెట్టి ఉండవచ్చునన్న మాట నిలుస్తుంది. పెట్టకపోవడం కూడా ఒక నిర్ణయమైపోతుంది. ప్రతీకారం పేరిట హెన్రీ పోగొట్టుకున్నది తన కుర్రవాడి మరణానికి ఉన్న నిజాయితీని.

ఈ ఘట్టం చదివే తెలుగు పాఠకుడికి నలోపాఖ్యానం గుర్తురాక మానదు. కలి నలుణ్ణి ఆవేశిస్తాడు. ద్వాపరుణ్ణి పాచికల్లో చేరమంటాడు. నలుడు రాజ్యం కోల్పోవడం దుఃఖకరమే కాని, ఆ కథను ధర్మవిచారణగా మార్చేది పాచికలో మరొకరున్నారన్న సంగతి. సభాపర్వంలో శకుని ఆటకూ అదే వర్తిస్తుంది. ధర్మజుడి వ్యసనం ఒక దోషం, శకుని చేతివాటం వేరొక దోషం. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని మాపడం కుదరదు. (శ్రీహర్షుడి నైషధమూ, దాన్ని తెలుగు చేసిన శ్రీనాథుడి శృంగారనైషధమూ జూదం దాకా పోకుండానే ముగియడం కవులు ఫలితాన్ని మార్చకుండా దాన్ని తప్పించుకునే మర్యాదకు మంచి ఉదాహరణ.) అయితే భారతంలో పాచిక కదిలించింది పాత్ర, కూవర్ నవలలో కదిలించింది ప్రజాపతి. కావ్యప్రపంచానికి కవే ప్రజాపతి అని, తనకు నచ్చిన తీరున దాన్ని మారుస్తాడని ధ్వన్యాలోక సంప్రదాయం చెప్పింది. మమ్మటుడు కావ్యప్రకాశ మంగళశ్లోకంలో కవిసృష్టి నియతి నియమాలకు కట్టుబడదని కీర్తించాడు. కథానాయకుడి పేరు పొడి అక్షరాల్లో యెహోవా నామపు హల్లులు ధ్వనించేలా కూర్చిన కూవర్ కూడా ఈ పోలికనే ఉద్దేశించాడని విమర్శకులు గుర్తించారు. మరి నియతి లేని సృష్టిలో అపరాధం ఎలా సాధ్యం?

ఆనందవర్ధనుడి దగ్గర దీనికి సమాధానం ఉంది. కవికి అంతటి స్వేచ్ఛ ఇచ్చిన సంప్రదాయమే, అనౌచిత్యం తప్ప రసభంగానికి వేరే కారణం లేదని కూడా అంది. ఈ రెండు మాటలనూ విడివిడిగా ఉటంకించడం పాఠ్యగ్రంథాల అలవాటు. వాటిని ఎదురెదురుగా నిలబెట్టి చదవాలి. నియతి బయటి నుంచి వచ్చిన నియమం. ఔచిత్యం సృష్టి తనలో తాను ఇచ్చుకున్న మాట. పాచికలతో నడుస్తానని మాట ఇచ్చిన లోకంలో పాచికను కదిలించడం అనౌచిత్యం. ఇవ్వని లోకంలో కాదు. సూరన తన కథ చిక్కుముళ్ళను తానే వేసి తానే విప్పితే అది మోసం కాదు, ఎందుకంటే అతడు యాదృచ్ఛికతను వాగ్దానం చేయలేదు. క్రీడాకల్పన మాత్రం, ఎంత తేలికపాటిదైనా, ఆ వాగ్దానంతోనే మొదలవుతుంది. 'ఆట' అన్న మాటలోనే 'ఏమవుతుందో తెలియదు' అన్న హామీ ఉంది.

బాస్రాన్

1986లో మెల్చెస్టర్ రోవర్స్ జట్టు మధ్యప్రాచ్యంలోని బాస్రాన్ అనే దేశానికి వెళ్ళింది. అలాంటి దేశం లేదు. అక్కడ ఉగ్రవాదుల దాడిలో జట్టు సభ్యులు ఎనిమిదిమంది మరణించారు. రాయ్ బతికాడు, కొత్త ఆటగాళ్ళతో కథ సాగింది.

నిజలోకంలో 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో మరణించిన మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు కూడా ఎనిమిదిమందే. సంఖ్యల సామ్యాన్ని బట్టి రచయితల ఉద్దేశాన్ని ఊహించడం ఇక్కడ అవసరం లేదు. సంఖ్యలు పక్కపక్కన ఉన్నప్పుడు తేడా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. మ్యూనిక్‌లో పోయిన ఎనిమిదిమందినీ మాంచెస్టర్ నేటికీ పేరుపేరునా స్మరిస్తుంది. బాస్రాన్‌లో పోయినవాళ్ళు కథకు బరువైనప్పుడు పోయారు. పాచిక వేసి ఉంటే అది విధి అయ్యేది. ఇది ఖాళీలు చేయడం.

అంతకన్నా తీవ్రమైన అభ్యంతరం ఆ దేశానిది. మెల్చెస్టర్ అనే పేరు కల్పించడం వల్ల ఏ ఆంగ్ల నగరానికీ కించ రాలేదు, పైగా ప్రతి నగర పాఠకుడూ అది తనదే అనుకోగలిగాడు. బాస్రాన్ అనే పేరు పని వేరు. ఇరాక్‌లో బస్రా ఉంది. పేరులోని ధ్వనిని, పత్రికల్లో ఆ ప్రాంతంపై ఉన్న భయాన్ని, అనుమానాన్ని అరువు తెచ్చుకుని, దాని పౌరులను మాత్రం వదిలేశారు. కల్పిత నామం ఒకచోట సాధారణీకరణకు సాధనమైంది, మరోచోట జవాబుదారీ నుంచి తప్పించుకునే దారి అయింది. నిజమైన దేశం పేరు పెట్టి ఉంటే కనీసం ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పేవారు. లేని దేశానికి రాయబారి ఉండడు.

అభ్యంతరం చెప్పగలవాళ్ళు ఉండడమంటే ఏమిటో విమ్‌బుల్డన్ క్లబ్బు చరిత్ర చూపుతుంది. ఆ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి లభించింది. 2003లో తరలింది, 2004లో పేరూ మారింది. చట్టం దృష్టిలో అది అదే క్లబ్బు. అభిమానులు ఒప్పుకోలేదు. 2002లోనే ఏఎఫ్‌సీ విమ్‌బుల్డన్ అనే కొత్త క్లబ్బును స్థాపించి అట్టడుగు స్థాయి నుంచి ఆడడం మొదలుపెట్టారు. పాత క్లబ్బు 1988లో గెలిచిన ఎఫ్ఏ కప్పుతో సహా ఆ గౌరవాల మీద హక్కును మిల్టన్ కీన్స్ క్లబ్బు చివరికి వదులుకుంది. నిజమైన క్లబ్బులో కూడా ఆటగాళ్ళు, యజమానులు, మైదానం మారిపోగా మిగిలేది ఒక ఉమ్మడి కథే. అయితే ఆ కథను యజమాని ఒక్కడే తిరగరాయలేకపోయాడు. బాస్రాన్‌కూ కేసీకీ అలాంటి ప్రతిపక్షం లేదు. వాళ్ళ తరఫున నిలబడగలిగింది రసభంగాన్ని గుర్తించే పాఠకుడు మాత్రమే. సహృదయుడు అనే మాటకు రసాస్వాదకుడన్న అర్థమే ప్రచారంలో ఉంది. ఈ సందర్భంలో అతడు ఆటలో విజిల్ పట్టుకున్నవాడు కూడా.

కల్పన, వంచన

2010 సెప్టెంబరులో బహ్రెయిన్‌లో జరిగిన ఒక స్నేహపూర్వక పోటీలో ఆతిథ్య జట్టు టోగో జాతీయ జట్టు మీద 3-0తో గెలిచింది. తర్వాత తేలిందేమంటే ఆడింది టోగో జట్టు కాదు. ఆ పేరు పెట్టుకుని వచ్చిన నకిలీ జట్టు. బహ్రెయిన్ శిక్షకుడికి ప్రత్యర్థులకు తొంభై నిమిషాలు ఆడే సత్తువ లేకపోవడం వింతగా తోచింది. ఇక్కడ మైదానం నిజం, బంతి నిజం, పరుగు నిజం, మూడు గోళ్ళూ నిజం, పేరొక్కటే అబద్ధం. అయినా ఆ గెలుపు మొత్తంగా పనికిరానిదైంది. మెల్చెస్టర్‌లో పేరు మొదలు గోలు దాకా ఏదీ నిజం కాదు, కాని ఎవరూ మోసపోలేదు. కవి దేన్నీ నిజమని స్థాపించడు కనుక అబద్ధమాడడన్న ఫిలిప్ సిడ్నీ వాదం ఈ తేడాను చాలావరకు వివరిస్తుంది. అయితే ఆ వాదం పాచిక కదిలించిన హెన్రీని కూడా నిర్దోషిగా విడిచిపెడుతుంది. కనుక సత్యాసత్యాల కొలబద్ద ఒక్కటే చాలదు. వంచనకూ కల్పనకూ మధ్య, మాట తప్పిన కల్పన అనే మూడో స్థితి ఒకటి ఉంది.

బోర్హెస్, బియోయ్ కసారెస్ కలిసి 1967లో వెలువరించిన గ్రంథంలోని ఒక కథ ఆ స్థితిని చివరిదాకా లాగింది. కథకుడు బ్యూనస్ ఐరిస్‌లో నడుస్తూ, ఉండవలసిన చోట స్టేడియం లేదని గమనిస్తాడు. అబాస్తో జూనియర్స్ అనే కల్పిత క్లబ్బు అధ్యక్షుణ్ణి అడిగితే, నగరంలో ఆఖరి ఫుట్‌బాల్ ఆట 1937 జూన్ 24న జరిగిందని, ఆనాటి నుంచి ఆటలన్నీ వ్యాఖ్యాతల గొంతుల్లో, కెమెరా ముందు నటుల వేషాల్లో మాత్రమే ఉన్నాయని తెలుస్తుంది. ఈ రహస్యం బయటపెట్టినా నమ్మేవాడు ఉండడని అధ్యక్షుడి ధీమా. ఆ కథలో అభిమానులు కోల్పోయింది ఏమిటని అడిగితే జవాబు వెంటనే తట్టదు. వాళ్ళకు ఆనందం ఉంది, ఆవేదన ఉంది, చర్చ ఉంది. లేనిదల్లా ఫలితం మరోలా వచ్చి ఉండే అవకాశం.

నారాయణ్ నవలలో మాల్గుడి జట్టుకు ఆ అవకాశం ఉంది. లండన్ క్లబ్బు పొడి అక్షరాలనే తమకూ తగిలించుకుని, ఆ పేరు పెట్టుకున్నందుకు ప్రభుత్వానికి పన్ను కట్టాలేమోనని బెంగపడిన పిల్లల జట్టు అది. స్వామి ఇల్లు విడిచిపోయి అడవిలో దారి తప్పుతాడు; ముఖ్యమైన ఆట అతడు లేకుండానే జరిగిపోతుంది. రచయిత స్వామిని ఆఖరి నిమిషంలో మైదానానికి చేర్చగలిగి ఉండీ చేర్చలేదు. జట్టు ఓడింది. రాజం స్నేహితుణ్ణి క్షమించలేదు, ఊరు విడిచి వెళ్ళేటప్పుడు కూడా రైలు పెట్టె దగ్గర స్వామితో సరిగా మాట్లాడలేదు. స్వామి తెచ్చిన పుస్తకం అతడి చేతికి అందేసరికి రైలు కదిలింది.